చేరినప్పుడు షుగర్ 232, ఏ1సీ 5.8: గుండెపోటు వచ్చినాయన కార్డుల షుగర్ ఉన్నదని రాయాల్నా, వద్దా?

పల్లెదవాఖాన_దేవరకొండ

అందరికి నమస్తే. గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకొని ఊరికొచ్చినోళ్ల డిశ్చార్జి కార్డులు రిజిస్టర్ల ఎక్కించేటప్పుడు షుగర్ కాలమ్ కాడ చెయ్యి ఆగుతున్నది. రెండు రకాల కార్డులు ముందల పెడుతున్న, తెలిసినోళ్లు విడమరిచి చెప్పండి.

ఒకటి: 52 ఏండ్ల మగమనిషి. ఇంతకుముందు షుగర్ అని ఎవరు చెప్పలే. నొప్పితోటి చేరినప్పుడు షుగర్ 232. ఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.8. మూడో రోజు పరగడుపున 118. షుగర్ మందు ఏమీ రాయకుండనే పంపిన్రు. ఇంటికొచ్చిన పదో రోజు బువ్వ తిన్న గంటకు ఊళ్లె వేలికి గుచ్చి చూస్తే 188 ఉన్నదట. గ్లిమెపిరైడ్ 2 మి.గ్రా. మొదలువెట్టిన్రు.

రెండోది: 64 ఏండ్ల ఆడమనిషి, 12 ఏండ్ల సంది షుగర్. చేరినప్పుడు 260, ఏ1సీ 9.4, ఈఎఫ్ (గుండె పంపింగు శాతం) 35. డిశ్చార్జి అయినంక కూడా పాత గోలీనే మింగుతున్నది: గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, పయోగ్లిటజోన్ మూడు కలిపినది. ఇప్పుడు కాళ్లు వాస్తున్నయి.

మొదటాయనకు షుగర్ ఉన్నట్టా, లేనట్టా? చేరిననాటి నంబరుకు రేపటి బతుకుకు నిజంగ సంబంధం ఉన్నదా, లేకుంటే భయంతోటి పెరిగిందని వదిలెయ్యాల్నా? ఎంతకు దించితే సరిపోతది?

గుండెవార్డు_నల్లగొండ

ముందు ఆ గ్లిమెపిరైడ్ సంగతి. స్టెంటు వేసిన డాక్టరుకో మీ పీహెచ్‌సీ డాక్టరుకో ఈరోజే ఫోన్ కలిపి ఆపించండి. ఏ1సీ 5.8 ఉన్న మనిషికి, అన్నం తిన్న గంటకు చూసిన ఒక్క అంకె పట్టుకొని షుగర్ దించే గోలీ ఇవ్వకూడదు. తిన్న గంటకు 188 అనేది షుగర్ జబ్బుకు కొలత కానే కాదు. ఆయనకు బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) కూడా రాసే ఉంటారు. మెటోప్రొలాల్ వంటిది వాడేవాళ్లకు షుగర్ పడిపోయినా చేతుల వణుకు, గుండె దడ తెలియవు. చెమట ఒక్కటే మిగులుతుంది. గుండెపోటు వచ్చిన పదో రోజు మనిషికి చెమటలు పడితే ఇంట్లోవాళ్లు మళ్ళీ గుండెపోటే అనుకొని పరుగెత్తుతారు, లేదా ఎండ అనుకొని పడుకోబెడతారు. షుగర్ చూడాలని ఎవరికీ తట్టదు.

ఇక 232 గురించి. గుండె కండకు రక్తం ఆగగానే అడ్రినలిన్, కార్టిసాల్, గ్లూకగాన్ ఒక్కసారిగా పెరుగుతాయి. కాలేయం దాచుకున్న చక్కెరను వదిలేస్తుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. షుగర్ లేని మనిషికి కూడా 200 దాటడం ఇందుకే. కాబట్టి ఆ 232తో ‘షుగర్ జబ్బు’ అని రాయకూడదు. అట్లని ‘భయంతో పెరిగిందిలే’ అని కొట్టిపారేయకూడదు కూడా. చాలామంది పొరపాటు పడేది ఈ రెండో చోటే.

2000లో లాన్సెట్ పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కవేశారు. షుగర్ జబ్బు లేనివాళ్లలో, గుండెపోటుతో చేరినప్పుడు 110 నుంచి 144 మధ్య ఎక్కడో పెట్టుకున్న హద్దు దాటినవాళ్లకు, దాటనివాళ్లతో పోలిస్తే దవాఖానలోనే చనిపోయే ప్రమాదం 3.9 రెట్లు తేలింది. ముందునుంచే షుగర్ ఉన్నవాళ్లలో 180 పైన ఉంటే 1.7 రెట్లు. అంటే కొత్తగా పెరిగిన షుగరే ఎక్కువ హెచ్చరిక. పన్నెండేళ్లుగా 220తో తిరిగే మనిషికి 260 అంటే కొద్దిపాటి పెరుగుదల. ఎప్పుడూ 120 దాటని మనిషికి 232 అంటే లోపల పెద్ద దెబ్బ తగిలిందని అర్థం.

దీన్ని కొలిచే లెక్క ఒకటి ఉంది, కాగితం మీద చేసుకోవచ్చు. ఏ1సీని 28.7తో గుణించి, అందులోంచి 46.7 తీసేస్తే ఆ మనిషి గత రెండు మూడు నెలల సగటు షుగర్ వస్తుంది. చేరినప్పటి షుగర్‌ను ఆ సగటుతో భాగించాలి.

మొదటాయనకు: 28.7 × 5.8 = 166.5. 46.7 తీస్తే దాదాపు 120. 232ను 120తో భాగిస్తే 1.9.

రెండో ఆమెకు: 28.7 × 9.4 = 269.8. 46.7 తీస్తే 223. 260ని 223తో భాగిస్తే 1.17.

పైకి చూస్తే 260 పెద్ద అంకె. కానీ గుండెపోటు నాటి ఒత్తిడి ఎక్కువ కనిపిస్తున్నది మొదటాయనలో. ఈ నిష్పత్తి ఎక్కువున్నవాళ్లలో మరణాలు, గుండె పంపింగు పడిపోవడం ఎక్కువని పలు అధ్యయనాలు చెప్తున్నాయి. కాబట్టి మొదటాయన కార్డులో మీరు వెతకాల్సింది షుగర్ గోలీ కాదు, ఈఎఫ్ ఎంత అన్నది. అది రాసి లేకపోతే అడిగి తెప్పించండి. ఆయాసం, కాళ్లవాపు, రాత్రి దగ్గు ఉన్నాయా అని ప్రతిసారీ అడగండి.

ఆయనకు షుగర్ ఉందో లేదో తేల్చడానికి మంచి దారి, 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష. గుండెపోటు వచ్చిన నాలుగైదు రోజుల్లోపు చేస్తే తప్పుడు ఫలితం వస్తుంది, ఆరు వారాలకో మూడు నెలలకో చేయిస్తే మేలు. ఎందుకు వదలొద్దంటే: 2002లో స్వీడన్‌లో, షుగర్ ఉందని ఎప్పుడూ తెలియని 181 మంది గుండెపోటు రోగులకు ఇదే పరీక్ష చేశారు. డిశ్చార్జి నాటికి 31 శాతం మందికి షుగర్ జబ్బు, మరో 35 శాతానికి దాని ముందు మెట్టు బయటపడ్డాయి. మూడు నెలలకు మళ్ళీ చేసినా 25, 40 శాతంగా నిలిచాయి. అంటే ముగ్గురిలో ఇద్దరు. రిజిస్టర్‌లో ప్రస్తుతానికి ‘గుండెపోటు సమయంలో పెరిగిన షుగర్, మూడు నెలలకు పరీక్ష బాకీ’ అని రాయండి. కాలమ్‌లో అవును, కాదు రెండే ఉంటే కాదు అని పెట్టి, పక్కన పెన్సిల్‌తో తేదీ వేసుకోండి.

కృష్ణపట్టె_గద్వాల

డాక్టర్ సాబ్, చేరిననాడు షుగర్ ఎక్కువుంటే అంత ముప్పు అయితే, చేరంగనే ఇన్సులిన్ పంపు పెట్టి 100కు దించేస్తే అయిపోతది గదా? 1995ల స్వీడన్ల అదే చేసిన్రు. డిగామి అనే ట్రయల్, 620 మంది. రక్తనాళంలకు ఇన్సులిన్, గ్లూకోజ్ 24 గంటలకు తక్కువ కాకుండ ఎక్కించి, మూడు నెలలు రోజుకు నాలుగు సూదులు ఇచ్చిన్రు. ఏడాదికి చనిపోయినోళ్లు 26 శాతం నుంచి 18.6కు తగ్గిన్రు. మూడున్నరేండ్లకు చూసినా 44కు 33. మన దగ్గర ఎందుకు చేస్తలేరు?

గుండెవార్డు_నల్లగొండ

మంచి ప్రశ్న. ఆ ట్రయల్ చూసి ప్రపంచమంతా ఒకప్పుడు అట్లనే అనుకుంది. కానీ 2005లో అదే జట్టు 1,253 మందితో డిగామి 2 చేస్తే ఏ గుంపుకూ తేడా రాలేదు. రెండో ట్రయల్‌లో మూడు గుంపుల షుగర్లూ దాదాపు ఒకే దగ్గర నిలిచాయి. ఇన్సులిన్‌తో దించారా, గోలీలతో దించారా అన్నది తేడా చేయలేదు. 1995కూ 2005కూ మధ్య స్టాటిన్లు (కొలెస్ట్రాల్ గోలీలు), స్టెంట్లు, బీటా బ్లాకర్లు పెరిగి మొత్తం మరణాలే తగ్గాయన్నది మరో మాట.

100కు దించడం గురించి 2009లో నైస్-షుగర్ ట్రయల్ వచ్చింది. ఐసీయూలోని 6,104 మంది. ఒక గుంపుకు 81 నుంచి 108 మధ్య, రెండో గుంపుకు 180 లోపు. తొంభై రోజులకు గట్టిగా దించిన గుంపులో 27.5 శాతం పోయారు, 180 లోపు ఉంచిన గుంపులో 24.9. షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం 6.8 శాతం, రెండో వైపు 0.5. షుగర్ పడిపోయినప్పుడు మళ్ళీ అదే అడ్రినలిన్ పొంగుతుంది, ఈసీజీలో క్యూటీ (గుండె కొట్టుకున్నాక మళ్ళీ సిద్ధమయ్యే వ్యవధి) సాగుతుంది, పొటాషియం దిగుతుంది. దెబ్బతిన్న గుండెకు లయ తప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు వార్డులో పాటించేది ఇది: 180 దాటి నిలిస్తే ఇన్సులిన్ మొదలు, 140 నుంచి 180 మధ్య ఉంచడం. 140 కిందికి నెట్టం. 70 కిందికి పోతే ఆ రోజు లెక్క తప్పినట్టే.

ఇంటికి వెళ్లినంక కూడా ఇదే తర్కం. 2008లో అకార్డ్ అని 10,251 మందితో చేసిన ట్రయల్‌లో ఏ1సీని 6 కిందికి దించాలని చూస్తే మరణాలు 22 శాతం పెరిగి, ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. గుండెపోటు వచ్చి, వయసు తక్కువుండి, షుగర్ పడిపోయే బాధ లేనివాళ్లకు 7 లోపు. మీ రెండో కార్డు ఆమె వంటివాళ్లకు 7.5, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు 8 అయినా పర్వాలేదు. తొమ్మిది దగ్గర వదిలేయడం మాత్రం కుదరదు.

దీర్ఘకాలం సంగతి అడిగారు కదా. 1998లో ఫిన్లాండ్ నుంచి వచ్చిన లెక్క: ఏడేళ్ల కాలంలో గుండెపోటు వచ్చినవాళ్లు, షుగర్ లేక ఇంతకుముందు గుండెపోటు రానివాళ్లలో 3.5 శాతం, గుండెపోటు మాత్రమే వచ్చినవాళ్లలో 18.8, షుగర్ మాత్రమే ఉన్నవాళ్లలో 20.2, రెండూ ఉన్నవాళ్లలో 45. ఈ కాలపు మందులతో ఆ అంకెలు తగ్గి ఉంటాయి, కానీ వరుస మారలేదు. షుగర్ ఉన్నవాళ్ల రక్తనాళాలు ఒక్కచోట కాకుండా పొడవునా సన్నబడతాయి, ప్లేట్‌లెట్లు ఎక్కువ అంటుకుంటాయి, స్టెంటు వేసినా కింది చిన్న నాళాల్లోకి రక్తం పూర్తిగా పారదు. మూడు నాళాలు మూసుకుపోయిన షుగర్ రోగికి స్టెంట్ల కంటే బైపాస్ మేలని 2012లో ఫ్రీడమ్ ట్రయల్ చూపింది: ఐదేళ్లకు మరణం, గుండెపోటు, పక్షవాతం కలిపి 18.7 శాతం, స్టెంట్లతో 26.6. ఆ ఆపరేషన్ వద్దని ఇంటికొచ్చేసినవాళ్లు మీ ఊళ్లలో ఉంటే మళ్ళీ మాట్లాడి చూడండి.

బూడిదమూత

నేను ల్యాబు వైపు మాట చెప్త. పైన లెక్కలన్నీ షుగర్ అంకె నిజమైతేనే.

ఎరుపు మూత ట్యూబుల రక్తం తీసి పక్కన పెడితే, కణాలు అందులున్న చక్కెరను తింటనే ఉంటయి. గది వేడిల గంటకు 5 నుంచి 7 శాతం పోతది. పీహెచ్‌సీల పొద్దుగాల తొమ్మిదికి తీసిన రక్తం జిల్లా కేంద్రంల ఉన్న తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌కు చేరి మిషన్ ఎక్కేసరికి మధ్యాహ్నం అయితది. 140 ఉన్నది 110 వచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే బూడిద రంగు మూత ట్యూబు. అందులుండేది సోడియం ఫ్లోరైడ్. నల్లగొండోళ్లకు ఫ్లోరైడ్ అంటే ఒళ్లు మండుతది గానీ, ఈ ఒక్కకాడ అది మన దోస్తే. అయితే అది పోసిన నిమిషంలనే పనిచేయదు, మొదటి గంట రెండు గంటలు కొంచెం తగ్గుతనే ఉంటది. ట్యూబును ఎనిమిది పదిసార్లు మెల్లగ తలకిందులు చేసి, ఐసు ప్యాకుల డబ్బాల పెట్టి పంపాలె. ఏ1సీకి ఊదా మూత ట్యూబు, అది ఆగినా ఖరాబు కాదు.

సెలైన్ ఎక్కుతున్న చేతినుంచి రక్తం తీయొద్దు. 5 శాతం డెక్స్‌ట్రోస్ సీసా ఉన్న చెయ్యి అయితే 400 కూడా వస్తది. దవాఖానకు రాకముందు ఊళ్లె డెక్సామెథసోన్ సూది వేసిన్రా అని అడగండి. వేస్తే చేరిననాటి షుగర్ ఎంతో, దాంట్ల సూది వాటా ఎంతో విడదీయలేం.

ఏ1సీ కూడా దేవుని మాట కాదు. ఐరన్ తక్కువై రక్తం తగ్గితే లేనిది ఉన్నట్టు పెరుగుతది. రక్తం ఎక్కించినా, బాగ రక్తం పోయినా, కిడ్నీ జబ్బుకు ఎరిత్రోపోయిటిన్ సూదులు వాడుతున్నా ఉన్నది తగ్గినట్టు కనవడతది. మన ఊర్లల్ల ఆడోళ్లకు హిమోగ్లోబిన్ 8, 9 కామన్. కాబట్టి ఏ1సీ పక్కన హిమోగ్లోబిన్ అంకె కూడా రాసి పెట్టుకోండి. స్టెంటు వేసినంక క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వాడుకుంట నల్ల విరేచనం అయినాయనకు మూడు నెలలకు ఏ1సీ తగ్గితే సంబురపడేది లేదు.

గ్లూకోమీటర్ల సంగతి. 100 పైన 15 శాతం అటుఇటు ఉండొచ్చని దాని ప్రమాణమే చెప్తది. 188 అంటే 160 కావచ్చు, 215 కావచ్చు. రక్తం తక్కువున్నోళ్లకు ఎక్కువ చూపిస్తది. స్ట్రిప్పులు 30 డిగ్రీల లోపు ఉండాలె. మన మే నెల ఎండల బండి డిక్కీల పెట్టుకొని తిరిగిన డబ్బా స్ట్రిప్పులు పారేసుడే మంచిది. ఇంకోటి, బత్తాయి ఒలిచిన చేత్తోటి గుచ్చితే వేలికున్న రసం షుగరే మీటరుకు ఎక్కుతది. స్పిరిట్ దూదితోటి తుడిస్తే సరిగ పోదు. సబ్బు, నీళ్లతోటి కడిగి, తుడిచి, ఆరినంక గుచ్చాలె. మా నల్లగొండ తోటలల్ల బత్తాయి కోసే కాలంల ఎవలకన్నా ఉన్నట్టుండి 300 వస్తే ముందు చెయ్యి కడిగిచ్చి మళ్ల చూడండి.

గ్లూకోజ్ పరీక్ష ఇంటికాడ చేద్దామనుకుంటున్నరేమో, మీటరు దానికి పనికిరాదు. ల్యాబుల చేసినా ఒక చిక్కున్నది. 75 గ్రాములు అనేది నీరు లేని గ్లూకోజ్ లెక్క. షాపుల దొరికే పొడి ఎక్కువ మోనోహైడ్రేట్, అది అయితే 82.5 గ్రాములు తూచాలె. 250 నుంచి 300 మి.లీ. నీళ్లల్ల కలిపి ఐదు నిమిషాలల్ల తాగాలె. ముందు మూడు రోజులు బువ్వ మామూలుగనే తినాలె. పరీక్ష ఉన్నదని బువ్వ బంద్ చేసి వస్తే లేని షుగర్ ఉన్నట్టు తేలుతది. రెండు గంటలు కూర్చోవాలె, బీడీ తాగొద్దు, బజారుకు పోవొద్దు. రెండు గంటల అంకె 140 లోపు అయితే మామూలు, 140 నుంచి 199 ముందు మెట్టు, 200, ఆపైన షుగర్. పరగడుపున 126, అంతకు మించితే అది కూడా షుగరే. కానీ ఇంకోనాడు మళ్ల చూసి రూఢి చేసుకోవాలె.

పాలమూరు_మందులు

రెండో కార్డు మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు. అక్కడే తొందర ఎక్కువ.

ఈఎఫ్ 35, కాళ్లవాపు, పయోగ్లిటజోన్. ఈ మూడూ ఒక్క చీటీ మీద ఉండకూడదు. పయోగ్లిటజోన్ కిడ్నీలో ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుతుంది, గుండె పంపింగు తగ్గినవాళ్లకు వాడనే కూడదు. చిక్కేమిటంటే అది విడి గోలీగా కనిపించదు. మూడు కలిపిన గోలీలో దాక్కొని ఉంటుంది, పేరు చివర ‘పీ’ అక్షరమో ఏదో ఉంటుంది. రోగికి ‘పొద్దుగాల మింగే పెద్ద షుగర్ గోలీ’ అనే తెలుసు. పత్తా వెనక చిన్న అక్షరాలు చదవండి. దవాఖానలో కొత్త చీటీ రాసేటప్పుడు ‘పాత షుగర్ మందులు కొనసాగించాలి’ అని ఒక్క ముక్క రాస్తారు, ఇది అట్లా దాటుకొని వస్తుంది. ఇదే కారణంతో శాక్సాగ్లిప్టిన్ కూడా చూసుకోవాలి, 2013 ట్రయల్‌లో గుండె వైఫల్యంతో దవాఖాన పాలవడం 27 శాతం ఎక్కువైంది.

బదులు ఏం రాస్తారన్నది డాక్టరు పని. అడగాల్సింది మాత్రం ఇది: డాపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. లేదా ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మి.గ్రా. రోజుకొకటి ఇవ్వొచ్చా? ఈఎఫ్ 40 లోపు ఉన్నవాళ్లకు, షుగర్ ఉన్నా లేకున్నా ఇవి మేలు చేస్తాయి. 2015లో ఎంపా-రెగ్ ట్రయల్‌లో గుండె జబ్బూ షుగరూ ఉన్న 7,020 మందిని చూస్తే గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. అయితే గుండెపోటు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇస్తే ప్రాణం దక్కుతుందని కాదు. 2024లో వచ్చిన ఎంపాక్ట్-ఎంఐ అనే 6,522 మంది ట్రయల్‌లో ప్రధాన లక్ష్యంలో తేడా రాలేదు, గుండె వైఫల్యంతో చేరడం మాత్రం తగ్గింది. పేటెంటు గడువు తీరి డాపాకూ, 2025లో ఎంపాకూ జెనెరిక్‌లు వచ్చాయి కాబట్టి ధర ఇప్పుడు పెద్ద అడ్డు కాదు.

వీటితో జాగ్రత్తలు. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి కింద దురద, తెల్లబట్ట, ఫంగస్ వస్తాయి. ఆడవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మందు వాళ్లే మానేస్తారు. నీళ్లతో కడిగి పొడిగా ఉంచుకోమని ముందే చెప్పండి. వాంతులు, విరేచనాలు, తిండి లేని రోజు, ఉపవాసం రోజు మింగొద్దు. బైపాస్ వంటి ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు ఆపాలి. వాంతులు, ఆయాసం ఉండి షుగర్ 180, 200 మాత్రమే ఉన్నా కీటోన్లు చూడాలి, ఈ మందులో అంకె పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ (కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లంగా మారడం) రావచ్చు. మూత్రం పోయే గోలీ, డాపా, మే నెల పత్తిచేను పని మూడూ కలిస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఎండాకాలం ముందు ఒకసారి మోతాదు చూపించుకోవాలి.

మెట్‌ఫార్మిన్ ఆంజియోగ్రామ్ నాడు ఆపి ఉంటారు. 48 గంటల తర్వాత క్రియాటినిన్ చూసి మళ్ళీ మొదలుపెట్టాలి. చాలామందికి ఆ ‘మళ్ళీ మొదలు’ ఎవరూ చెప్పరు, మూడు నెలలు అట్లనే ఉంటారు, షుగర్ 300 అవుతుంది. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత అంకె) 30 లోపు ఉంటే మాత్రం ఇవ్వకూడదు, 30 నుంచి 45 మధ్య సగం మోతాదు.

ఇన్సులిన్ రాసి పంపితే సిరంజి చూడండి. సర్కారు దవాఖానలో ఎక్కువగా ఇచ్చేది మి.లీ.కి 40 యూనిట్ల వయల్, దానికి ఎరుపు మూత సిరంజి. పెన్ను కార్ట్రిడ్జిలు, కొన్ని కంపెనీల వయళ్లు 100 యూనిట్లవి, వాటికి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎరుపు మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి పోయేది 50 యూనిట్లు. తారుమారైతే 20 అనుకున్నది 8 యూనిట్లే. తెల్లారి షుగర్ 45 ఉందని వచ్చినా, 400 ఉందని వచ్చినా ముందు చూడాల్సింది వయల్, సిరంజి జత. తెరిచిన వయల్ నాలుగు వారాలే. ఫ్రిజ్ లేకపోతే కొత్త కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న గిన్నెలో పెట్టి నీడలో ఉంచాలి. ఫ్రీజర్ అర పక్కన పెట్టి గడ్డకట్టిందంటే వాడొద్దు.

మోకాళ్ల నొప్పులు. మర్రిగూడ, చండూరు వైపు ఫ్లోరైడ్‌తో కీళ్లు పట్టేసినవాళ్లు డైక్లోఫెనాక్ సూదులు, స్టెరాయిడ్ సూదులు అలవాటుగా వేయించుకుంటారు. స్టెరాయిడ్ సూది తర్వాత కొన్ని రోజులు షుగర్ ఎగిరే ఉంటుంది. డైక్లోఫెనాక్ గుండెపోటు వచ్చినవాళ్లకు పడదు. ఐబుప్రొఫెన్ ఆస్పిరిన్ పనిని అడ్డుకుంటుంది. నొప్పికి ముందు పారాసిటమాల్, మోతాదు డాక్టరు చెప్పినంత.

పల్లెదవాఖాన_దేవరకొండ

అన్నా, సిరంజి సంగతి ఇయ్యాల్నే రెండిండ్లల్ల చూస్త. పయోగ్లిటజోన్ గురించి డాక్టర్ మేడంకు చెప్పిన, రేపు పొద్దున ఆమెను పిలిపిస్తున్నరు. ఇంకో రెండు అడగాలె. మా దిక్కు షుగర్ అంటే ‘బువ్వ బంద్ చెయ్యి, జొన్నరొట్టె తిను’ అంటరు. ఎంత తినాలని అడిగితే చెప్పేటోళ్లు లేరు. ఇంకోటి, సాయంత్రం కల్లు. మానరు, మానమంటే అబద్ధం చెప్తరు.

జొన్నచేను_వనపర్తి

జొన్నరొట్టెకు మంత్రం లేదు అక్కా. 50 గ్రాముల పిండితో చేసిన రొట్టెలో పిండిపదార్థం సుమారు 35 గ్రాములు. అది ఒక చిన్న గిన్నెడు అన్నంతో సమానం. మేలు ఎక్కడంటే పీచు ఉంటుంది, నమలాలి, రెండు తింటే కడుపు నిండుతుంది. అన్నం గిన్నె మీద గిన్నె పోతుంది. అదే జొన్నపిండిని అంబలి చేసి తాగితే ఆ మేలు సగం పోతుంది. పలచగా దిగే గంజి షుగర్‌ను త్వరగా లేపుతుంది.

అన్నమే కావాలనేవాళ్లకు తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048 ఉంది. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విత్తనం, మన దిక్కు రైతులకు తెలిసిందే. దాని గ్లైసీమిక్ సూచిక (తిన్నది షుగర్‌ను ఎంత త్వరగా లేపుతుందో చెప్పే అంకె) 51, 52 దగ్గర అంటారు, మామూలు సన్నబియ్యం కంటే తక్కువ. కానీ తక్కువ సూచిక బియ్యం రెండింతలు తింటే లెక్క అక్కడికే వస్తుంది. పూటకు ఒక గిన్నె అన్నం, దాని కంటే ఎక్కువ కూర, పప్పు, ఆకుకూర. ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తింటే తిన్నంక అంకె కొంచెం తక్కువ లేస్తుంది, ఖర్చు లేని పని. ఈఎఫ్ 35 ఉన్నామెకు షుగర్ కంటే ముందు ఉప్పు. పచ్చడి, అప్పడం, వడియం, ఎండుచేప మానాలి. రోజంతా కలిపి ఒక టీ చెంచా లోపే.

చూడ్డానికొచ్చే చుట్టాలు తెచ్చే బత్తాయి రసం, గ్లూకోజ్ పొడి, కొబ్బరి నీళ్లు ‘నీరసానికి’ అని మంచం పక్కనే ఉంటాయి. పండు ఒకటి తినొచ్చు, రసం వద్దు. స్పైరోనోలాక్టోన్, టెల్మిసార్టన్ వంటి గుండె, బీపీ గోలీలు వాడేవాళ్లకు కొబ్బరి నీళ్లు, రసాలు పొటాషియం కూడా పెంచుతాయి.

కల్లు మానమంటే మానరు కాబట్టి కనీసం ఇది చెప్పండి: గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడే మనిషి ఖాళీ కడుపున తాగొద్దు. మత్తు పదార్థం కాలేయాన్ని చక్కెర తయారు చేయనివ్వదు, గోలీ ఏమో దించుతూనే ఉంటుంది. తెల్లవారుజామున పడిపోతుంది. పాలమూరు దిక్కు కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం అందరికీ తెలిసిన రోగమే. ఆ మత్తులో మనిషి పలకకపోతే కల్లు మత్తో, షుగర్ పడిపోయిందో చూసి చెప్పలేరు. గుచ్చి చూడాల్సిందే.

పాలమూరు_మందులు

పడిపోయినప్పుడు చేసే పని మీద ఒక సవరణ. 70 లోపు ఉండి మెలకువగా ఉంటే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు టీ చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకు మళ్ళీ చూడమని అందరం చెప్తాం. కానీ మన షాపుల్లో ఎక్కువ పోయే గోలీల్లో వోగ్లిబోస్ కలిపినవి ఉంటాయి. అది పేగులో మామూలు చక్కెర విరగకుండా ఆపుతుంది. వాళ్లకు పంచదార ఇస్తే ఆలస్యం, గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108. గ్లిమెపిరైడ్‌తో పడిన షుగర్ ఒకసారి లేచినా కొన్ని గంటల్లో మళ్ళీ పడుతుంది, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉంటే. లేచి కూర్చున్నాడని ఇంటికి పంపొద్దు, దవాఖానలో ఒక రోజు ఉంచాలి.

గుండెవార్డు_నల్లగొండ

ఇంకొక్కటి, రెండో కార్డు ఆమె ఇంట్లోవాళ్లకు చెప్పండి. పన్నెండేళ్ల షుగర్‌లో నరాలు మొద్దుబారి ఉంటాయి, రెండోసారి గుండెపోటు వస్తే ఛాతీ నొప్పి రాకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లచెమటలు, వాంతి, దవడ బరువు, లేవలేని నీరసం. ఊళ్లో దీన్ని ‘గ్యాస్ పట్టింది’ అని సోడా తాగిస్తారు. షుగర్ గుచ్చి చూడండి, పడిపోలేదని తేలితే ఆగకుండా ఈసీజీ ఉన్నచోటికి.

అటోర్వాస్టాటిన్ షుగర్ పెంచుతుందని కొందరు మానిపిస్తున్నారు. పెంచేది కొంచెమే, కాపాడేది ఎక్కువ. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 55 లోపుకు రావాలి, ఆ గోలీ ఆగకూడదు. స్టెంటు వేసిన ఏడాది లోపు ఆస్పిరిన్‌తో ఇచ్చిన రెండో గోలీ, క్లోపిడోగ్రెలో టికాగ్రెలరో, పన్ను పీకించుకోవాలన్నా సొంతంగా ఆపొద్దు.

పల్లెదవాఖాన_దేవరకొండ

మొదటాయన ఈఎఫ్ తెప్పించిన సార్, 42. గ్లిమెపిరైడ్ ఆపించిన్రు. గ్లూకోజ్ పరీక్షకు రోజు రాసి పెట్టిన. ఊళ్లె ఆయనకు గుచ్చి చూసింది బత్తాయి తోటకాడ్నే అంట. చేతులు కడగలేదట.

బూడిదమూత

అనుకున్న.